మిలిటరీ లారీ ఇంటి బండి అవుతుందా?



ఈ పూట మనం ఒక లారీ గురించి మాట్లాడుకుందాం. లారీ సంగతి ఆడవాళ్లకెందుకు అనుకోవద్దు. లారీ కొనేటప్పుడు బ్యాంకులో కుదువ పెట్టేది ఎవరి నగలు? అందులో ఎక్కి పోయేది ఎవరి పిల్లలు?

మన కేంద్రానికి వచ్చే ఒక వదిన నన్ను ఇట్లా అడిగింది. "మా మరిది మిలిటరీ వాళ్లు అమ్మేసే పాత లారీ కొందామంటున్నాడు. ముందు ఇంటోళ్లంతా కూర్చునేట్టు పెద్ద క్యాబిన్ కట్టిస్తాడంట. వెనక సరుకు వేస్తాడంట. గ్రూపులో తీసుకున్న అప్పు డబ్బు నన్ను ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా టీచరమ్మా?"

ఆ మరిది ఆశ తప్పు కాదు. మిరప కోతలకు గుంటూరు వైపు పోయేటప్పుడు మనం ఎట్లా పోతాం? మూటలు, వంట సామాను, చంటిపిల్లలు, అందరం కలిసి సరుకు బండి వెనకే గదా! నెమలిగుండ్ల రంగనాయకస్వామి తిరునాళ్లకు పోయినా ట్రాక్టరే. ఇంటిల్లిపాదీ తలుపులున్న క్యాబిన్‌లో కూర్చుని, సరుకు వెనక వేసుకుని పోతే ఎంత బాగుంటుంది!

మిలిటరీ బళ్లు జనం చేతికి రావడం కొత్త కాదు. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. పరాయి సైన్యాలు తెచ్చిన జీపులు, లారీలు మన దేశంలో చాలా మిగిలాయి. వాటిని అమ్మేశారు. జనం కొని, కొత్త బాడీలు కట్టించి, లారీలుగా, బస్సులుగా తిప్పారు. ఇట్లా అమ్మేసిన బండినే డిస్పోజల్ బండి అంటారు.

తర్వాత మన సైన్యానికి మన దేశంలోనే బళ్లు తయారయ్యాయి. మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్ అనే ఊరుంది. అక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో శక్తిమాన్ లారీ తయారైంది. దాని నమూనా జర్మనీ వాళ్లది. 1950ల చివర మొదలై 1996 దాకా తయారైంది. అదే ఊళ్లో జోంగా అనే చిన్న బండి కూడా తయారైంది. దాని నమూనా జపాన్ వాళ్లది. అది పెట్రోలు బండి. 1999లో అదీ ఆగిపోయింది. తయారీ ఆగిన బండికి సామాను దొరకడం కష్టం. ఒక్క పళ్లచక్రం విరిగితే నెలరోజులు బండి ఇంటి ముందే నిలబడుతుంది. దాని నీడలో కోళ్లు పడుకుంటాయి.

ఇక క్యాబిన్ ఎట్లా కడతారో చూద్దాం. లారీకి ముందు ఒకే వరుస సీటు ఉంటుంది. దాని వెనక గోడ కోస్తారు. కప్పు పొడిగిస్తారు. రెండో వరుస సీటు, రెండు తలుపులు పెడతారు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే పనివాళ్లు చాలామంది ఉన్నారు. చేయి తిరిగిన వాళ్లే. కానీ మిలిటరీ లారీ మామూలు లారీ కాదు. గుంటల్లో, కొండల్లో పోయేటందుకు దాన్ని చేశారు. ఒక చక్రం గుంటలో దిగితే కింది ఇనుప చట్రం కొంచెం మెలి తిరుగుతుంది. చట్రాన్నే ఛాసిస్ అంటారు. మన నులక మంచం చూడండి. ఒక కోడు ఎత్తులో ఉన్నా మంచం కొంచెం వంగి సర్దుకుంటుంది. అదే మంచానికి నాలుగు వైపులా రేకు కొట్టి బిగిస్తే? మేకులు ఊడతాయి, రేకు చిరుగుతుంది. లారీ కూడా అంతే. క్యాబిన్‌ను, వెనక తొట్టిని కలిపి వెల్డింగ్ చేస్తే అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. క్యాబిన్ విడిగా ఉండాలి. కింద రబ్బరు దిమ్మల మీద కూర్చోవాలి.

లారీ కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలుంటాయి. వాటిని కమాన్ కట్టలంటారు. టన్నుల బరువుకు చేసినవి అవి. ఎనిమిది మంది మనుషుల బరువు వాటికి లెక్కే కాదు. అందుకే ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి అవ్వలను, కడుపుతో ఉన్నవాళ్లను అందులో కూర్చోబెట్టి దిగువమెట్ట ఘాటు ఎక్కించడం నాకైతే ఇష్టం లేదు. పైగా మెట్టు ఎంత ఎత్తు! చీర కట్టుకుని ఎక్కాలంటే ఇంకో మెట్టు, చేతికి పట్టుకునే కమ్మీ పెట్టించాల్సిందే. ఈ మాట కట్టించే మగవాళ్లకు తట్టదు. మనమే చెప్పాలి.

ఇంకో భయం పొగ గొట్టం. గొట్టానికి చిల్లు పడితే పొగ క్యాబిన్ లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోతున్న పిల్లలు నిద్రలోనే పోతారు. కాబట్టి వెనక సీటు కింద గొట్టం ఎట్లా పోతుందో వంగి చూడాలి. సీటును, బెల్టును పలుచని రేకుకు కాదు, గట్టి ఇనుముకు బోల్టులు వేసి బిగించారా లేదా అడగాలి.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇక్కడే మీ చదువు పనికొస్తుంది. సైన్యం బండి మామూలు జనానికి అమ్మినప్పుడు అమ్మకం సర్టిఫికెట్ ఇస్తారు. అది ఫారం 21. దాని అసలు కాపీ ఉంటేనే రిజిస్ట్రేషన్. జిరాక్సు కాపీ చూపించి "మధ్యలో వాళ్ల దగ్గర ఉందిలే" అంటే నమ్మొద్దు. ఆ కాగితంలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. బండి దగ్గర నిలబడి ఒక్కొక్క అంకె చదవండి. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. ఒక్క అంకె తేడా ఉన్నా బయానా ఇవ్వొద్దు. బండిని తుక్కు కింద అమ్మారా, తిరిగే బండిగా అమ్మారా అదీ చదవాలి. తుక్కు కింద అమ్మిన బండి రోడ్డెక్కకూడదు.

బండిని ఇష్టం వచ్చినట్టు కోసి మార్చడానికి చట్టం ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇందుకే ఉంది. కంపెనీ చెప్పిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి రేకు కోయకముందే బొమ్మ గీయించి బ్రేక్ ఇన్‌స్పెక్టరును అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి. బాడీ కట్టే షాపతను "అంతా నేను చూసుకుంటా" అంటాడు. రేపు జరిమానా కట్టేది అతను కాదు.

అన్నిటికన్నా పెద్దది ఇన్సూరెన్సు. ఆర్.సి.లో ఎంతమంది కూర్చోవచ్చో రాసి ఉంటుంది. సరుకు లారీకి ఆ అంకె చిన్నది. సరుకు బండిలో ఊరికే ఎక్కి పోయేవాళ్లకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తన సరుకుతో పాటు పోయే యజమానికి మాత్రం 1994 సవరణ తర్వాత చట్టంలో చోటుంది. మరి కోతలకు పోయే కూలీలకు? బండి యజమాని ఇచ్చుకోవాలి. వదిన మరిది లారీ అయితే ఆ యజమాని వాళ్ల ఇల్లే గదా! ఇంటి బండిగా రాయించుకున్నా సరే, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే చాలదు. లోపల కూర్చునే వాళ్లకు కూడా వర్తించే పాలసీ అడగండి.

బండి మొత్తం బరువు సరుకుతో కలిపి 7,500 కిలోలు దాటితే కారు నడిపే లైసెన్సు పనికిరాదు. హెవీ లైసెన్సు కావాలి. ఆకుపచ్చ మిలిటరీ రంగు కూడా తీసేయాలి. ఆ రంగు సైన్యం బళ్లకు మాత్రమే ఉండాలని 1989 నియమాల్లో ఉంది.

పలకలు తీయండి, ఒక లెక్క వేద్దాం. లారీ లీటరుకు 4 కిలోమీటర్లు పోతుందనుకోండి. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు? 25. చిన్న బండి లీటరుకు 10 పోతే? 10 లీటర్లు. తేడా 15 లీటర్లు. దాన్ని ఈరోజు డీజిలు ధరతో గుణించండి. నెలకు ఎన్నిసార్లు పోతారో దానితో మళ్లీ గుణించండి. ఆ పక్కనే గ్రూపు అప్పు నెల వాయిదా రాయండి.

వదినకు నేను చెప్పింది ఇదే. డబ్బు ఇప్పుడే ఇవ్వొద్దు. కంపెనీ నుంచే రెండు వరుసల సీట్లతో, వెనక తొట్టితో వచ్చే బళ్లున్నాయి. బొలెరో క్యాంపర్ అట్లాంటిదే. అది పాతదైనా సరే, ఆర్.సి. సరిగా ఉంటే దాని ధర కనుక్కోమని మరిదికి చెప్పమన్నాను. మరిది అలిగాడంట. అలిగినా ఫారం 21 తెచ్చి చూపిస్తానన్నాడంట. చూద్దాం.

వచ్చే ఆదివారం మీ ఇళ్లల్లో ఉన్న ఆటో, ట్రాక్టరు, మోటారు సైకిలు ఏదైనా సరే, దాని ఆర్.సి. తీసుకురండి. నంబర్లు, సీట్ల అంకె, ఇన్సూరెన్సు ఆఖరు తేదీ ఎవరిది వాళ్లే చదవాలి.