అంతర్వాహిని పొంగు

నేడు పట్టములందుకొనుచున్న విద్యార్థినీ విద్యార్థులారా!

మంథని దాటి దిగువకు పోయినచో కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలతో సరస్వతి అంతర్వాహినియై కలియుచున్నదని పెద్దపల్లి వారికి నేను చెప్పనక్కరలేదు. కానరాని ప్రవాహమునకు మ్రొక్కు మనకు, కానరాని యజమానికి ఊడిగము చేయు యంత్రముల కథ వింతగా తోచదు.

దొంగచాటున వశపరచుకొనిన కంప్యూటర్ల మూకను బాట్‌నెట్ అందురు. ఆజ్ఞలిచ్చు సర్వరు చిక్కినచో మూకయంతయు దిక్కులేనిదగును గనుక, కొందరు చోరులు దానిని టార్ అను అజ్ఞాతజాలమున దాచిరి. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన పద్ధతిపై నడచు ఆ జాలమున సందేశము ఉల్లిపొరలవంటి మరుగులతో మజిలీలు దాటును; ఏ మజిలీకిని తన వెనుకటిదియు ముందరిదియు తప్ప తెలియవు. దాగిన సర్వరును దానిని వెదకు యంత్రమును తమ తమ మజిలీలు నడచి ఒక సంకేతస్థలమున కలిసికొనును. ఒకదాని ఇల్లు రెండవదానికి తెలియదు. నిర్బంధమున మ్రగ్గు పౌరులకును పాత్రికేయులకును కవచమైనదీ విద్యయే. చోరుల నెపమున దానిని నిందించుట నాకు సమ్మతము కాదు.

2013 ఆగస్టులో టార్ వాడుకరులు 10 లక్షల లోపు నుండి పెరుగసాగి, కొలది వారములలో 50 లక్షలు దాటిరి. అమెరికా రహస్య నిఘాను గూర్చిన స్నోడెన్ వెల్లడులే కారణమని ఊహించినవారును కలరు. కాని జనము పెరిగినచో పెరుగవలసిన రాకపోకలు ఆ మేరకు పెరుగలేదు! వచ్చినవారు మనుష్యులు కారు. సెఫ్నిట్, మెవేడ్ అను పేరులు గల మూక. పొరలనెవ్వరును ఒలువలేదు, అంతర్వాహినిని పట్టియిచ్చినది దాని పొంగే. పిదప మైక్రోసాఫ్ట్ సుమారు 20 లక్షల యంత్రములనుండి ఆ మూక చొప్పించిన టార్‌ను తొలగించినది. ఆ యంత్రములు కొన్నవారిలో ఎందరికి ఆ సంగతి తెలిసినదో!

2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్నింటిని పీడించిన వన్నాక్రై అను, దస్త్రములను బంధించి సొమ్మడుగు క్రిమి, బాట్‌నెట్ కాకున్నను, తన సంభాషణకు టార్‌నే ఆశ్రయించినది. ఆ యేటి ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వము సైబర్ స్వచ్ఛతా కేంద్రమును నెలకొల్పి, బాట్‌నెట్ క్రిములను తుడుచు సాధనములను ఉచితముగా ఇయ్యనారంభించినది.

గోదావరిఖనిలో గనిలోనికి దిగినవారెందరో, పైకి వచ్చినవారెందరో హాజరుపట్టీయగు ముస్టరు చెప్పును. చీకటిలోని మనిషిని తెలుపునది ఆ లెక్కయే. రేపు మీరు రామగుండము విద్యుత్కేంద్రముననో, మరియొక కార్యాలయముననో కూర్చున్నప్పుడు, అర్ధరాత్రి ఎవ్వరును లేని గదిలోని కంప్యూటరు ఎవరితో మాటలాడుచున్నదో ఆ రాకపోకల ముస్టరు చూడుడు. మూకలు చొరబడు వాకిలి కాకుండునట్లు, ఇంటి రౌటరుకు కొన్ననాటి సంకేతపదమే నేటికిని ఉన్నచో, పట్టమును గోడకు వ్రేలాడదీయుటకు ముందే ఆ పదమును మార్చుడు.