గుడి మనదే, నోరూ మనదే

(భోగాపురంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మత విశ్వాసం, స్త్రీల హక్కులు అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను పండితురాలిని కాను. ఈ తీరంలో పుట్టి పెరిగిన కతోలిక స్త్రీని. నన్ను రెండు వైపుల నుంచీ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మహిళా సంఘంలో నాతో పనిచేసే స్నేహితురాళ్లు "ఫాదర్ల గురించి ఇన్ని విన్నాక కూడా ఆదివారం పూజకి ఎలా వెళ్తున్నావు?" అంటారు. మా విచారణలో వాళ్లు "గుడి సంగతులు బయట మాట్లాడి పరువెందుకు తీస్తావు?" అంటారు. ఇద్దరికీ కలిపి ఇవాళ జవాబు చెప్తాను.

ముందు నేను ఆ గుడికి ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలి. ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు విశాఖపట్నం వచ్చింది 1846లో. తర్వాత కన్యస్త్రీలు వచ్చారు. బళ్లు, ఆసుపత్రులు, అనాథ శరణాలయాలు వెలిశాయి. 1993లో మనకి శ్రీకాకుళం పీఠం వేరుగా ఏర్పడింది. ఇదంతా చరిత్ర. మా ఇంట్లో చరిత్ర ఇంకా చిన్నది. ఊరిబడిలో అందరికీ వెనకాల, గోడ పక్కన కూర్చోబెట్టిన మా అమ్మని ముందు బెంచీలో కూర్చోబెట్టింది ఒక సిస్టర్. మా పేటలో మొదట పదో తరగతి పాసైన ఆడపిల్లలం మిషను హాస్టల్లో అన్నం తిన్నవాళ్లమే. దాన్ని మర్చిపోతే నేను మనిషిని కాను.

అదే హాస్టల్లో ఇంకొకటి జరిగింది. నాకు పదమూడేళ్లు. నా పక్క చాప మీద పడుకునే పిల్ల ఒక రాత్రి ఏడుస్తూ చెప్పింది. ఫాదర్ గారు గది ఊడవడానికని పిలిచి, తలుపు వేసి, తన ఒంటి మీద చేతులు వేస్తున్నారని. ఒకసారి కాదు, చాలాసార్లు. మర్నాడు ఇద్దరం వెళ్లి వంటమనిషికి చెప్పాం. మాకు తెలిసిన పెద్దమనిషి ఆవిడే. ఆవిడ నా నోటి మీద కొట్టి, "నోర్ముయ్యే గుంటా! సామి మీద మాటంటే కళ్లు పోతాయి" అంది. మాట మాత్రం పైకి పాకింది. వారం తిరగకుండా ఆ పిల్లని ఇంటికి పంపేశారు. "చదువు రావట్లేదు" అని తల్లికి చెప్పారు. మూడు నెలలకి ఫాదర్ గారికి బదిలీ అయింది. దండలు వేశాం, కొబ్బరికాయలు, శాలువా ఇచ్చాం. ఆడపిల్లలం వరసలో నిలబడి వీడ్కోలు పాట పాడాం. ఆ వరసలో నేనూ ఉన్నాను. ఆయన వెళ్లిన చోట కూడా ఒక హాస్టల్ ఉంది.

ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు.

ఇది మా ఊరి ఖర్మ మాత్రమే అనుకున్నాను చాలా ఏళ్లు. 2002లో అమెరికాలో బోస్టన్ నగరం పత్రికలు బయటపెట్టినప్పుడు తెలిసింది, అక్కడా ఇదే పద్ధతి అని. పిల్లల నోరు మూయించడం, గురువుని బదిలీ చేయడం. "అది తెల్లవాళ్ల దేశాల జబ్బు" అన్నారు మనవాళ్లు. 2017లో కేరళలో కొట్టియూరు విచారణ గురువు ఒక మైనరు పిల్లని తల్లిని చేశాడు. నేరాన్ని కన్నతండ్రి మీద వేసుకునేలా చేశారు. 2019లో కోర్టు ఆ గురువుకి 20 ఏళ్ల శిక్ష వేసింది. అదే ఏడాది అమెరికాలో రాపిడ్ సిటీ అనే ఊళ్లో, హైదరాబాదు నుంచి వెళ్లిన గురువొకరు పదమూడేళ్ల పిల్ల విషయంలో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. కాబట్టి ఇది ఎక్కడో ఉన్నవాళ్ల కథ కాదు.

కేరళలోనే 2018లో ఒక సన్యాసిని జలంధర్ బిషప్పు తనపై అత్యాచారం చేశాడని ఫిర్యాదు చేసింది. ఆమె తోటి కన్యస్త్రీలు ఐదుగురు కొచ్చిలో రోడ్డు మీద కూర్చుంటేగానీ అరెస్టు జరగలేదు. 2022 జనవరిలో కింది కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. ఆమె హైకోర్టుకి అప్పీలు చేసింది. తీర్పు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నేను చూసింది ఆ ఐదుగురినే. సన్యాసిని బట్టలు తీయలేదు, జపమాల వదల్లేదు. అదే బట్టలతో ప్లకార్డు పట్టుకున్నారు. ఫిర్యాదు చేస్తే విశ్వాసం పోయినట్టు కాదని నాకు నేర్పింది వాళ్లే.

"మనం తక్కువ మందిమి, మన తప్పులు బయటపడితే శత్రువులకి ఆయుధం ఇచ్చినట్టే" అని ఒక మాట ఉంది. ఈ భయం ఉత్తిది కాదు. మన పక్కనున్న ఒరిస్సాలో, కంధమాల్‌లో 2008లో చర్చిలు కాల్చారు, మనుషుల్ని చంపారు, ఒక కన్యస్త్రీ మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆమె ధైర్యంగా ముందుకొచ్చింది. మనం ఆమె కోసం కొవ్వొత్తులు వెలిగించాం, ఊరేగింపులు తీశాం. 2014లో కటక్ కోర్టు ముగ్గుర్ని దోషులంది. అప్పుడు "నోర్మూసుకో" అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే చేసినవాడు బయటివాడు. లోపలివాడు చేస్తే మాత్రం పరువు గుర్తొస్తుందా? ఆడదాని ఒంటికి లోపలివాడి చెయ్యొకటి, బయటివాడి చెయ్యొకటి అని ఉంటుందా?

ఇక నా విశ్వాసం సంగతి. దాదాపు పదేళ్లు నేను పాపసంకీర్తనానికి వెళ్లలేదు. చీకట్లో ఒక మగవాడి ముందు మోకరించాలంటే ఒళ్లు జలదరించేది. ఇంట్లో జపమాల చెప్పుకునేదాన్ని, అంతే. మళ్లీ తిరిగి వచ్చింది సువిశేషం చదివాకే. చిన్నవాళ్లని చెడగొట్టినవాడికి మెడకి తిరగలి రాయి కట్టి సముద్రంలో పడేయడమే మేలని క్రీస్తు అన్నాడు. సముద్రం ఒడ్డున బతికే మనకి ఆ మాట బరువు ఎవరూ చెప్పక్కర్లేదు. న్యాయం చేయని న్యాయాధికారిని విసిగించి విసిగించి న్యాయం రాబట్టుకున్న విధవరాలి కథ కూడా ఆయనే చెప్పాడు. ఆమె ప్రార్థన చేస్తూ ఇంట్లో కూర్చోలేదు, వెళ్లి తలుపు కొట్టింది.

ఇంకొక సంగతి. సంస్కారాల పవిత్రత దేవుడిది, గురువు మంచితనం మీద ఆధారపడదు అని మన శ్రీసభే నేర్పుతుంది. ఈ మాటని "ఆయనెలాంటివాడైనా మనకెందుకు" అనడానికి వాడుకుంటున్నారు. నాకు తిరగేసి అర్థమవుతుంది. పవిత్రత ఆయనది కానప్పుడు, ఆయన జైలుకెళ్తే మన సత్ప్రసాదానికి వచ్చే లోటేమిటి?

చట్టం గురించి రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసినవారెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవాడి నేరం దాస్తే ఏడాది దాకా. నేరం చేసినవాడు మతసంస్థ సిబ్బంది అయితే శిక్ష ఇంకా ఎక్కువ. పిల్ల పేరు, ఊరు బయటపెట్టకూడదు. 1098కి ఫోన్ చేసినా చాలు. బళ్లలో, ఆసుపత్రుల్లో పనిచేసే పెద్దవాళ్లకి 2013 చట్టం ఉంది. పదిమంది లోపు సిబ్బంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. పోపు గారు కూడా 2019లో, తెలిసిన గురువులూ కన్యస్త్రీలూ పై అధికారులకి తప్పక చెప్పాలని శాసనం చేశారు. మంచిదే. కానీ బిషప్ గారికి రాసిన ఉత్తరం పోలీసు ఫిర్యాదు కాదు. రెండూ చేయాలి, పోలీసులకి ముందు.

2015 నుంచి విమానాశ్రయం భూముల కోసం ఈ భోగాపురంలో ఆడవాళ్లు అధికారుల్ని నిలదీశారు. అంతటివాళ్లని అడగగలిగిన నోళ్లు విచారణ గురువుని అడగలేవా? హాస్టల్ కమిటీలో తల్లులుండాలని అడుగుదాం. ఆడపిల్లల చేత గురువుల గదులు ఊడిపించొద్దని అడుగుదాం.

నా స్నేహితురాలిని రెండేళ్ల కిందట కలిశాను. క్షమించమన్నాను. "నువ్వు కొట్టించుకున్నావు కదే నాకోసం" అంది. కాసేపాగి, "ఆ పాట మాత్రం మా వీధిలోకి వినిపించింది" అంది.

అప్పా, చెల్లీ, రేపు మీ విచారణలో ఏ గురువుకైనా ఉన్నట్టుండి బదిలీ అయితే, దండ కొనకముందు ఒక్క ప్రశ్న అడగండి. ఎందుకు వెళ్తున్నారు అని. జవాబు వచ్చాకే పాట.