ఇంటి గోడలును ఇంటర్నెట్టును



టెలివిజను కేబులు వచ్చిన దారినే నేడు మన పల్లెలకు ఇంటర్నెట్టు కూడ వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశమున 2017వ సంవత్సరాంతమున ప్రారంభింపబడిన ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభముల మీదుగా గాజుపోగును గ్రామములకు కొనివచ్చినది. కేబులు మనిషి వీథివసారాలో పెట్టె బిగించి, దీపము వెలుగగానే సెలవు తీసికొనును. వసారాలో కూర్చున్నవారికి బొమ్మ స్పష్టముగా కనబడును. పెరటిగదిలో మంచము పట్టిన తల్లి మాత్రము దూరదేశమందున్న కుమారుని ముఖమును ముక్కలుముక్కలుగా చూచుచుండును. ఇంటివారు నెలకు హెచ్చు సొమ్ము చెల్లించి వేగమును పెంచుకొందురు. అయినను ఆమెకు కుమారుడు కనబడడు.

దోషము తీగయందు లేదు, గోడయందున్నది. వైఫై యనునదియు రేడియో తరంగమే. కాని రేడియో మధ్యతరంగము వందల మీటర్ల నిడివి గలది. వైఫై తరంగము జానెడైనను లేదు. రెండడుగుల మట్టిగోడయు, ఇనుప బీరువాయు, నీళ్లతొట్టియు దానిని మ్రింగివేయును. అందును 5 గిగాహెర్ట్జుల తరంగము వేగవంతమే గాని, 2.4 గిగాహెర్ట్జుల దానికంటె త్వరగా గోడలకు లోబడును.

దీనికి మందు మెష్, అనగా వల. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఇల్లంతయు పనిచేయును. మొదటిదానిని కేబులు మోడెమునకు తీగతో కలుపుదురు. తక్కినవి దానినుండి అందుకొని ముందుకు పంపును. రాగితీగ వచ్చిన యింట మోడెము, గాజుపోగు వచ్చిన యింట ఓ.ఎన్.టి. పెట్టె యుండును, ఈ పనికి రెండును ఒక్కటే.

పలువురు ఇచ్చటనే పొరపడుచున్నారు. బొమ్మ రాని గదిలోనే రెండవ పెట్టెను పెట్టుదురు. తూమునకు రాని నీరు చేనికెట్లు పారును? పెట్టెను మేకులతో బిగించుటకు ముందు, ఫోనులో వీడియో పిలుపు సాగుచుండగా వీథివాకిలినుండి పెరటివరకు నడువుడు. బొమ్మ చెదరిన చోటికి నాలుగడుగులు ఇవతలనే, వానజల్లు తగులని యెత్తున రెండవదాని నుంచుడు. మండువా యిండ్లలో ఆ చోటు సామాన్యముగా మండువా చూరుక్రిందనే దొరకును.

తీగ వేయగలిగినచో అంతకంటె మేలు లేదు. ఈథర్నెట్టు తీగ 100 మీటర్లవరకు వేయవచ్చును. చూరువెంట దానిని వెనుకగదికి కొనిపోయినచో గోడతో పనియే యుండదు. తీగ లేక ఒకే తరంగముమీద అందుకొనుచు, దానిమీదనే పంచవలసిన పెట్టెకు వేగము ఇంచుమించు సగమగును. అంగడివారు ఐదారు పెట్టెలు కొనుమందురు, వినవలదు. అవి దగ్గరదగ్గరగా నున్నచో ఒకదానినొకటి అడ్డగించును.

కేబులువారి పెట్టెయే వైఫై కూడ వెదజల్లుచున్నచో, దానిని ఆపి బ్రిడ్జి పద్ధతిలో నుంచుమని వారినే అడుగుడు. లేనిచో ఫోను పాత పేరును పట్టుకొని వదలదు. పెట్టె యడుగున అచ్చువేసిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చుడు. ఇన్వర్టరున్న యింట ఫంకాలతోపాటు మోడెమును, మెష్ పెట్టెలన్నిటిని దానికే తగిలింపుడు. ఒక్కటి ఆరిపోయినను దాని యవతలి గదులకు ఇంటర్నెట్టు అందకపోవచ్చును.