నూనె లెక్క

సాయంకాలము ఆరుగంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగినవారికి ముందుగా ఎదురగునది బజ్జీల వాసన. కోచింగు తరగతులు ముగించుకొన్న విద్యార్థులు, ఉద్యోగములనుండి మరలు గృహస్థులు బండ్లచుట్టును మూగియుందురు. మేమును వారిలోనివారమే. కావున ఈ ప్రసంగమును నూనెపై నిందగా శ్రోతలు భావింపవలదు.

మా అన్నగారి కాపురము ఎల్.బి.నగర్‌లో. రెండేండ్ల క్రిందట వారి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ హెచ్చినదని తేలినది. మరునాటినుండి వదినగారు నూనెను, నేతిని వంటయింటినుండి వెడలగొట్టిరి. పోపు లేని పప్పు, ఉడికించిన సొరకాయ, నెయ్యి తగలని అన్నము. అన్నగారు మారుమాటాడక భుజించుచుండిరి. ఆ సాధుత్వమే మాకు అనుమానము కలిగించినది. ఒకనాడు, ఇంటికి మూడు స్టేషన్ల ముందే దిగి, దిల్‌సుఖ్‌నగర్ బండివద్ద ఆరు మిరపకాయ బజ్జీలతో మా కంటబడిరి.

"మీ వదినకు చెప్పకు. ఇంట తినునది తిండి కాదు, శిక్ష" అనిరి.

అందు తప్పెవరిది? నూనెను ఇంటినుండి తరిమిన, అది వీధిలో కాచుకొనియుండును. అసలు కొవ్వు శరీరమునకు శత్రువు కాదు. ఎ, డి, ఇ, కె విటమినులు దానియందే కరగి ఒంటబట్టును. అయితే గ్రాము పిండిపదార్థము నాలుగు కేలరీలిచ్చుచో, గ్రాము కొవ్వు తొమ్మిది ఇచ్చును. చిక్కంతయు ఇచటనే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదు చేరినది. 2024లో ఆ సంస్థ వెలువరించిన సూచనలలో, రోజుకు రెండువేల కేలరీల భోజనమునకు నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చూపబడినవి. అనగా సుమారు ఆరు చిన్న చెంచాలు. ఇద్దరున్న ఇంటికి నెలకు 1,620 గ్రాములు. రెండు లీటర్లకు లోపే. కూర్చుండి పనిచేయువారికి, వయసు మీరినవారికి ఇంకను తక్కువ చాలును. హృద్రోగులు వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను.

ఈ లెక్క వదినగారికి నచ్చినది. వైద్యుని సమ్మతితో నెల మొదట పల్లినూనె, నువ్వులనూనె కొలిచి వేరు సీసాలలో పోసియుంచిరి. పోపు తిరిగి చిటపటలాడినది. వేడియన్నములో కందిపొడికి ఒక చెంచా నెయ్యి దక్కినది. నేతిలో సంతృప్తకొవ్వు హెచ్చు గనుక రెండవ చెంచా లేదు. బయట తిన్న బజ్జీలును లెక్కలోనికే వచ్చును. ఆరు నెలల పిదప పరీక్షలో అంకెలు కొంత దిగినవి. మాత్రలును వాడుచుండిరి గనుక కీర్తియంతయు సీసాలకే కట్టబెట్టలేము. ముఖమున కళ వచ్చుట మాత్రము మేము కన్నులార చూచితిమి.

ఇప్పుడు శనివారము సాయంత్రము దంపతులిరువురును దిల్‌సుఖ్‌నగర్ వత్తురు. మనిషికి రెండేసి బజ్జీలు; ఆ రాత్రి మజ్జిగన్నము. మరల మరల కాచిన నూనె చెడునని విన్న వదినగారు, బాండీలో నూనె నల్లబడినదా, పొగలు క్రమ్ముచున్నదా అని వంగి చూచినగాని సంచిలోనుండి డబ్బు తీయరు.