అత్త నాటిన చామంతి

అక్కల్లారా! ఒక కోడలి సంగతి వినండి.

అత్త పోయి మూడేళ్లయింది. ఆమె నాటిన చామంతులు పెరట్లో గుబురెక్కాయి. ఆకు దండిగా ఉంది, పువ్వు లేదు. కోడలికి మొక్కల పని కొత్త. పీకేద్దామనుకుంది. మనసొప్పలేదు.

తప్పు మొక్కది కాదు. ఒకే పాదులో బోలెడు పిలకలు. గాలి, ఎండ, ఎరువు దేనికీ చాలవు.

పూలకాలం అయిపోగానే కొమ్మలు జానెడు ఉంచి కొయ్యాలి. మొదట్లో కొత్త పిలకలు వస్తాయి. జూన్, జులైలో వాన పడ్డాక పాదు తవ్వాలి. వేళ్లున్న లేత పిలకలు విడదీయాలి. ముదురు మొదలు తీసేయాలి. ఇక్కడే చెయ్యి ఆగుతుంది! పశువుల ఎరువు కలిపి, అడుగు ఎడంగా ఒక్కో పిలక నాటాలి. నీరు నిలిచిందా, వేరు కుళ్లుతుంది. నెల తర్వాత చివర్లు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి.

కోడలు అలాగే చేసింది. మిగిలిన పిలకలు పక్కింటి వదినకు ఇచ్చింది. చలికాలంలో అత్త చామంతి రెండిళ్లలో పూసింది.