మార్మనులు: వారి నిత్యజీవనము, లోకుల అపోహలు



కాఫీ తోటలకు పేరొందిన మన కొరాపుట్ సీమలో, ఇంటికి వచ్చిన అతిథి కాఫీగాని టీగాని ముట్టకున్నచో మనకు కష్టముగా తోచును. అయినను అట్టి నియమము గలవారు కలరు. లోకులు వారిని మార్మనులందురు. వారు తమ సంఘమునకు పెట్టుకొన్న పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘము. జోసెఫ్ స్మిత్ అనునతడు దీనిని 1830లో అమెరికాలో స్థాపించెను. పెక్కు స్థానిక సంఘములను కలిపిన విభాగమును వారు స్టేకు అందురు. భారతదేశమున మొదటి స్టేకు 2012లో హైదరాబాదులోనే ఏర్పడెను. కావున వీరిలో తెలుగువారును కలరు.

వారి నిత్యజీవనమెట్టిది? మద్యము, పొగాకు, టీ, కాఫీ వారికి వర్జ్యములు. రాబడిలో పదియవ వంతు సంఘమునకిత్తురు. సాధారణముగా నెల మొదటి ఆదివారమున రెండు పూటలు ఉపవసించి, ఆ భోజనపు ఖర్చును బీదలకిత్తురు. వారమున కొక సాయంకాలము, పెక్కు ఇండ్లలో సోమవారము, తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుండి ప్రార్థింతురు, ఆటపాటలతో గడుపుదురు. స్థానిక సంఘమును నడపు బిషప్పునకు జీతము లేదు. ఆయన తన వృత్తి తాను చేసికొనుచునే ఆ సేవ చేయును. ఏకాదశి ఉపవాసమును, కార్తిక నియమములను ఎరిగిన మనకు ఇవి వింతలా?

అయినను లోకులడుగు మొదటి ప్రశ్న, "వారికి పెక్కుమంది భార్యలట కదా?" అని. పూర్వము ఆ ఆచారముండుట నిజమే. 1890లో సంఘాధ్యక్షుడు దానిని విడువవలెనని ప్రకటించెను. నేడు అట్లు చేసినవారికి ఆ సంఘమున చోటు లేదు. ఆ ఆచారమును విడువక వేరుపడిన చిన్న శాఖలు వేరు. నూరేండ్లు దాటినను వదంతి మాత్రము చావలేదు. బైబిలుతో పాటు మార్మను గ్రంథమును కూడ పవిత్రమని నమ్ముటచే, ఇతర క్రైస్తవులలో పలువురు వారిని తమవారిగా అంగీకరింపరు. అది సిద్ధాంతభేదము, దానిని గూర్చి తెలిసినవారు వాదింపవచ్చును. వదంతి వాదమునకు లొంగదు.

పరమతమును గూర్చిన ద్వేషము ఎంత దూరము పోవునో మనమెరుగుదుము. రాయగడకు పొరుగుననున్న కంధమాల్ జిల్లాలో 2008లో వేలాది జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను.

1936లో ఈ సీమ మద్రాసు రాజధాని నుండి ఒడిషాలో చేరినది మొదలు ఇచ్చటి తెలుగువారము అల్పసంఖ్యాకులము. మన ఇంట అడుగిడకయే ఎవరైన మనలను గూర్చి తీర్పు చెప్పినచో మనసు నొచ్చును కదా! ఆ న్యాయమునే ఇతరులకును చేయుదము. ఒక మతమును గూర్చి చెడ్డమాట విన్నప్పుడు, "నీవు చూచితివా, ఎవరైన చెప్పిరా?" అని అడుగుట నేర్చుకొనుడు. మేము మీనుండి కోరునది ఇంతియే.