క్యాన్సర్ రిపోర్టులోని అంకెలు ఏం చెబుతాయి?

(తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ఈ మూడు ఊళ్ళలోనూ పనిచేసి రిటైరయినవాణ్ణి. కాగితం చదవడం తప్ప నాకు వేరే విద్య రాదు. అయితే మన సభ్యుల మెడికల్ రీయింబర్స్‌మెంటు ఫైళ్ళు తయారుచేయడంలో చాలాకాలంగా సాయం చేస్తున్నాను గనుక, ఆ ఫైళ్ళలో క్యాన్సర్ రిపోర్టులు ఎన్నో చూశాను. ప్రతి ఇంట్లోనూ ఆ రిపోర్టు నా చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒక్కటే. "ఈ అంకె ప్రకారం ఇంకెన్నాళ్ళండీ?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆ అంకె ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడితో ఆగిపోతుంది అన్నది తెలిసిన డాక్టర్ల దగ్గర అడిగి, చదివి, తెలుసుకున్నంత మీ ముందు ఉంచుతాను.

మన రక్తంలోనో, మూత్రంలోనో, కోసి తీసిన గడ్డ ముక్కలోనో కనిపించి, జబ్బు తీరును తెలిపే పదార్థాన్ని మార్కర్ అంటారు. అంటే గుర్తు. 1840లలో లండనులో హెన్రీ బెన్స్ జోన్స్ అనే డాక్టరు, ఎముకలు మెత్తబడి విరిగిపోతున్న ఒక రోగి మూత్రంలో విచిత్రమైన ప్రొటీన్‌ను కనిపెట్టాడు. ఎముక మూలుగలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్‌కు అది గుర్తు. ఈ నాటికీ ఆ ప్రొటీన్ ఆయన పేరుతోనే ఉంది. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పేగు క్యాన్సర్ గడ్డల్లో సి.ఇ.ఎ. అనే పదార్థాన్ని కనుగొన్నారు. మన పేగు ఆపరేషన్ కాగితాల్లో కనిపించే సి.ఇ.ఎ. అదే.

ఈ గుర్తులు చేసే పనులు రెండు. మొదటిది, జబ్బు నెమ్మదైనదా, దుడుకైనదా అని చెప్పడం. రెండవది, ఏ మందు పనిచేస్తుందో చెప్పడం. మొదటిది విని ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. రెండవది అడగడం మరచిపోతారు. నా ప్రసంగమంతా ఈ రెండవ దాని కోసమే అనుకోండి.

మొదటి పనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. రిటైరయినప్పుడు మనం పెన్షన్ కమ్యుటేషన్ చేసుకున్నాం కదా. ఆ పట్టికలో వచ్చే పుట్టినరోజు నాటి వయసుకు ఎదురుగా ఒక అంకె ఉంటుంది. దాన్ని బట్టి లెక్క కట్టి ప్రభుత్వం మనకు సొమ్ము ఇచ్చింది. ఆ పట్టిక వేలమంది ఆయుర్దాయం చూసి వేసింది. వేలమంది విషయంలో అది సరిగ్గానే ఉంటుంది. మరి మన సంగతి? కమ్యుటేషన్ చేసుకున్న రెండేళ్ళకే వెళ్ళిపోయిన మిత్రులున్నారు. పదిహేనేళ్ళు నిండి పూర్తి పెన్షన్ పునరుద్ధరణ అయ్యి, ఆపైన ఇంకా హాయిగా నడుస్తున్నవారు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. క్యాన్సర్ మార్కర్ చెప్పే ఆయుర్దాయమూ అలాంటిదే. అది గుంపు లెక్క, మనిషి జాతకం కాదు.

అమెరికాలో స్టీఫెన్ జే గౌల్డ్ అని పేరుపొందిన జీవశాస్త్రవేత్త ఉండేవారు. 1982లో ఆయనకు పొట్ట లోపలి పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ అని తేలింది. పుస్తకాల్లో చూస్తే ఆ జబ్బు వచ్చినవారిలో సగంమంది ఎనిమిది నెలల్లోపే పోతారని ఉంది. ఆయన లెక్కలు తెలిసినవాడు గనుక, "మిగతా సగంమంది ఎనిమిది నెలలు దాటి బతుకుతారు, వారిలో కొందరు చాలా ఏళ్ళు బతుకుతారు" అని గ్రహించాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. సగటు అంకె గడువు తేదీ కాదని చెప్పడానికే ఈ మాట.

ఇంకొక సంగతి, ఈ అంకెలకు వయసు మీదపడుతుంది. మైలోమాకు 2005లో అంతర్జాతీయంగా ఒక పద్ధతి పెట్టారు. రక్తంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే రెండింటిని చూసి రోగులను మూడు దశలుగా విడదీశారు. సగంమంది బతికిన కాలం మొదటి దశలో 62 నెలలు, రెండవ దశలో 44, మూడవ దశలో 29 అని లెక్క తేల్చారు. కానీ అవి అంతకుముందు కాలపు మందులు వాడినవారి లెక్కలు. తర్వాత కొత్త మందులు వచ్చాయి, రోగుల ఆయుర్దాయం పెరిగింది, 2015లో ఆ పద్ధతినే సవరించారు. పాత 29 నెలల అంకె పట్టుకుని ఇవాళ దిగులు పడడం, పాత పి.ఆర్.సి. స్కేలుతో కొత్త పెన్షన్ లెక్క కట్టడం వంటిది.

ఇక గుర్తును నమ్మి వైద్యం చేస్తే ఏం జరుగుతుందో చెప్పే కథ ఒకటుంది. అందులో మన తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. అక్కడ ఆయన బృందం తయారుచేసినదే మెథోట్రెక్సేట్ మందు. ఆయన 1948లోనే కన్నుమూశారు. 1956లో అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థలో మిన్ చ్యూ లీ అనే చైనా డాక్టరు, రాయ్ హెర్ట్జ్ అనే ఆయనతో కలిసి, గర్భసంచిలో మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌కు ఈ మందు వాడారు. మనవాళ్ళు ముత్యాల గర్భం అనే దాని తర్వాత కొందరికి ఈ జబ్బు వస్తుంది. ఊపిరితిత్తులకు పాకితే అప్పట్లో ఆశ లేదు. ఈ మందుతో గడ్డలు ఎక్స్‌రేలో మాయమయ్యాయి. అందరూ సంతోషించారు.

లీ మాత్రం మూత్రంలో హెచ్.సి.జి. అనే హార్మోన్‌ను కొలుస్తూనే ఉన్నాడు. గడ్డ కనిపించకపోయినా ఆ హార్మోన్ కొంచెం మిగిలి ఉంది. "గుర్తు ఉన్నదంటే జబ్బు ఉన్నట్టే" అని, అది పూర్తిగా పోయేదాకా మందు ఇస్తూనే ఉన్నాడు. కనిపించని జబ్బుకు విషం లాంటి మందు ఇస్తున్నావని పైవారు తప్పుపట్టి, ఆయన్ను ఉద్యోగం నుంచి పంపించేశారు. తర్వాత చూస్తే, ముందుగా మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది. లీ పద్ధతిలో సున్నా దాకా వైద్యం పొందినవారు నిలిచారు. 1972లో లీ, హెర్ట్జ్‌లకు లాస్కర్ బహుమతి ఇచ్చారు. ఇవాళ్టికీ ఈ జబ్బుకు హెచ్.సి.జి. చూసే వైద్యం చేస్తారు, చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

రొమ్ము క్యాన్సర్ సంగతి ఆడవారు శ్రద్ధగా వినాలి. గడ్డ ముక్కలో ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు గుర్తులు చూస్తారు. ఇ.ఆర్. ఉంటే ఆ క్యాన్సర్ ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద ఆధారపడి పెరుగుతోందన్నమాట. టామోక్సిఫెన్ వంటి మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే మేలు జరుగుతుంది. హెర్-2 మరీ ఎక్కువగా ఉన్నవారు తొందరగా పోతున్నారని 1987లో డెన్నిస్ స్లామన్ అనే డాక్టరు లెక్కలతో చూపించాడు. అప్పుడది చెడ్డ కబురు. 1998లో సరిగ్గా ఆ హెర్-2ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ మందు అమెరికాలో ఆమోదం పొందింది. చెడ్డ గుర్తే మందుకు దారి చూపించింది. 2014లో మన దేశంలోనే బయోకాన్ కంపెనీ దానికి సమానమైన మందు తెచ్చింది. కాబట్టి "హెర్-2 పాజిటివ్ అట" అని ఏడ్చే ముందు, "దానికి మందు ఉందా, మనకు పనికొస్తుందా" అని అడగాలి.

మన పక్క ఊరి సంగతి ఇంకొకటి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. అనే గుర్తు ఉంటుంది. 2001లో దీనికి ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. విదేశీ కంపెనీ మాత్ర నెలకు లక్ష రూపాయలు దాటేది. 2003లో హైదరాబాదు నాట్కో కంపెనీ అదే మందును ఎన్నో రెట్లు తక్కువ ధరకు తెచ్చింది. ఆ కంపెనీ స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరిగారిది మన పొన్నూరు దగ్గర గొల్లమూడిపాడు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ కంపెనీకి పేటెంటు నిరాకరించడంతో చవక మందుకు ఆటంకం తొలగింది. ఈ జబ్బులో మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఆ గుర్తు నూటికి పది కంటే తగ్గిందా, ఏడాదికి నూటికి సున్నా పాయింట్ ఒకటికి దిగిందా అని రక్తపరీక్షతో చూస్తారు. బాగా తగ్గినవారు ఇంచుమించు మిగతావారి లాగానే ఆయుష్షు అనుభవిస్తున్నారు. తగ్గకపోతే మందు మారుస్తారు. ఒంట్లో బాగానే ఉందని ఈ పరీక్ష మానేసేవారు తమకు తామే హాని చేసుకుంటున్నారు.

ఇంత చెప్పాక, గుర్తును గుడ్డిగా నమ్మకూడదని కూడా చెప్పాలి. రేపల్లెలో మన సభ్యుని భార్యకు పొట్ట ఉబ్బి నీరు చేరింది. సి.ఎ.-125 అనే పరీక్ష చేయిస్తే, 35 లోపు ఉండవలసింది ఐదు వందలు దాటింది. అండాశయ క్యాన్సర్ ముదిరిపోయిందనుకుని పిల్లలను ఊళ్ళ నుంచి పిలిపించారు. ఆవిడ నాతో, "అన్నయ్యగారూ, నాకు దాచకండి, సమయం అయిపోయిందా?" అన్నారు. గుంటూరులో ముక్క తీసి పరీక్ష చేస్తే అది పొట్టలో క్షయ. ఆరు నెలలు మాత్రలు మింగి లేచి తిరుగుతున్నారు. క్షయలోనూ ఆ అంకె పెరుగుతుంది. రక్తంలో అంకె అనుమానం మాత్రమే. సాధారణంగా నిర్ధారణ చేసేది గడ్డ ముక్క.

మగవారికి పి.ఎస్.ఎ. పరీక్ష అలాంటిదే. ప్రోస్టేట్ మామూలుగా పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. ప్రోస్టేట్ పెరుగుదలకు మనలో చాలామంది వాడే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడాక ఆ అంకెను సుమారు సగానికి దించుతాయి. ఆ మాత్ర వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పకపోతే, తక్కువ అంకె చూసి మోసపోయే ప్రమాదం ఉంది. సి.ఇ.ఎ. సంగతీ అంతే. చుట్ట, బీడీ తాగేవారికి అది మామూలుగానే కొంత ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఒంట్లో ఏ బాధా లేకుండా, ప్యాకేజీ చవకగా ఉందని రకరకాల మార్కర్ పరీక్షలు చేయించుకుని నిద్ర చెడగొట్టుకోకండి.

మన గుంటూరు పొగాకు సీమ గనుక నోటి క్యాన్సర్ మాట చెప్పి తీరాలి. దానికి నమ్మదగిన రక్తపరీక్ష లేదు. పుండు ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా అన్నవే ఆయుర్దాయం చెప్పే గుర్తులు. 2017లో వెలువడిన కొత్త నిబంధనల్లో అయిదు మిల్లీమీటర్ల లోతును, పది మిల్లీమీటర్ల లోతును హద్దులుగా పెట్టారు. మూడు వారాలు దాటి మానని నోటి పుండును అద్దంలో చూసుకోవడానికి ఏ లేబరేటరీ అక్కర్లేదు.

ఇక మన గుమాస్తా పద్ధతిలో చేయవలసిన పనులు మనవి చేస్తాను.

ఒకటి. ఎక్కడ గడ్డ తీసినా ముక్కను తప్పనిసరిగా పరీక్షకు పంపించండి. మన సహోద్యోగి కోడలికి ఒక నర్సింగ్ హోములో రొమ్ము గడ్డ తీసి, "మామూలు గడ్డే" అని పారేశారు. ఏడాదికి మళ్ళీ వచ్చింది. మొదటి ముక్క ఉంటే అప్పుడే మూడు గుర్తులూ తెలిసేవి.

రెండు. ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. సెలైన్ నీళ్ళలో వేసి రేపు పంపిద్దామంటే గుర్తులు చెడిపోతాయి. మన ఊళ్ళ నుంచి గుంటూరుకో విజయవాడకో పంపేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గడ్డతో చేసిన మైనం దిమ్మలను, స్లైడులను అడిగి తీసుకుని భద్రపరచండి. ఇంకో డాక్టరు అభిప్రాయానికి, తర్వాత కొత్త పరీక్షకు అవే ఆధారం.

మూడు. మార్కర్ పరీక్ష ప్రతిసారీ వీలైనంత వరకు ఒకే లేబులో చేయించండి. తేదీ, అంకె, అప్పటి మందు ఒక నోటు పుస్తకంలో వరుసగా రాయండి. ఒక్క అంకె కంటే నాలుగు అంకెల నడక ఎక్కువ చెబుతుంది. ఒరిజినల్ బిల్లులు, రిపోర్టులు అదే ఫైల్లో ఉంచితే రీయింబర్స్‌మెంటుకూ పనికొస్తాయి.

నాలుగు. డాక్టరును "ఎన్నాళ్ళు?" అని ఒక్క ప్రశ్నతో వదలకండి. "ఈ గుర్తు వల్ల వైద్యంలో ఏం మారుతుంది?" అని అడగండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం 2020 నుంచి ఉంది. అడగడానికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు.

చివరిగా, పెద్దవారికి జబ్బు పేరు చెప్పకుండా దాచే మన అలవాటు. అది ప్రేమతోనే చేస్తారు. కానీ నామినేషన్లు, బ్యాంకు ఖాతా, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, మనసులోని నాలుగు మాటలు, ఇవన్నీ చక్కబెట్టుకునే హక్కు ఆ మనిషిదే. అంకె బాగుంటే ధైర్యం వస్తుంది. బాగాలేకపోతే ఉన్న సమయాన్ని నొప్పి లేకుండా, అయినవాళ్ళ మధ్య గడిపే ఏర్పాటు చేసుకోవచ్చు. అడిగినవారికి అడిగినంత మేర నిజం, మెల్లగా, పక్కన కూర్చుని చెప్పండి.

ఏటేటా మనం ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అది ఇవాళ బతికి ఉన్నామని చెబుతుంది తప్ప రేపటి మాట చెప్పదు. మార్కర్లు రేపటి మాట కొంత చెబుతాయి, ఆ కొంతలో వైద్యానికి దారి వెతుక్కోవడం మన పని.